పుస్తకంలో లేని పక్షి

"గుడ్డు పెట్టింది వదినా! గుడ్డు!"

సరస్సు తూము చూసుకునే తూము బాబాయ్ సైకిలు ఇంకా గేటు దాటకముందే ఆయన కేక ఇంట్లోకి వచ్చేసింది. అత్తయ్య కడుగుతున్న పళ్ళెం వదిలేసి, తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "శుభవార్తే పిల్లా, శుభవార్త!" అంటూ గిరగిరా తిప్పేసింది. ప్రహరీ అవతల బట్టలారేస్తున్న దర్జీ ఆవిడ తొంగిచూసి, నా మొహం చూసి, నా పొట్ట చూసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మాకు పెళ్ళయి పదహారు రోజులు. ఎటునుంచి మడిచినా ఆవిడ లెక్క కుదరలేదు పాపం.

"మా ఇంట్లో కాదండీ, సరస్సులో!" అని అరిచాను.

ఆ నవ్వుల మధ్యలోనే అత్తయ్య చేతులు నా భుజాల మీద వదులైపోయాయి. తూము బాబాయ్ వైపు తిరిగి, "కళ్ళారా చూశావా?" అంది. చూశానన్నాడాయన. ఆవిడ ముందు గదిలోకి వెళ్ళి, సరస్సు వైపున్న పడమటి కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టింది.

అంతలో మామయ్యగారు సగం గడ్డం నురుగుతో బయటికొచ్చారు.

"గూళ్ళెన్ని?"

"నలభై దాకా లేచాయి. గుడ్డు మాత్రం ఒకటే కనపడింది."

"నీళ్ళు?"

"గూళ్ళ దిబ్బ చుట్టూ మోకాలికి బెత్తెడు కింద."

"అంగుళం తగ్గిందంటే కుక్కలు నడిచొచ్చేస్తాయి. అంగుళం పెరిగిందంటే గూళ్ళు కరిగిపోతాయి. తెలుసుగా?"

"అంటే ఇక నేను తూము మీదే కాపురం పెట్టాలన్నమాట."

"పెట్టు. ఈ ఏడు కొత్త కాపురాలు కలిసొస్తున్నట్టున్నాయి" అన్నారు మామయ్యగారు నా వైపు చూడకుండా. నాకు చెవులదాకా వేడెక్కింది. గుమ్మంలో నిలబడ్డ మా ఆయనకైతే మెడదాకా. ఆ మెడ చూసి నేను పొంగిపోతుండగానే మామయ్యగారు అటు తిరిగారు. "లెక్క కట్ట మీదనుంచి పెట్టు. నీళ్ళలో దిగకు."

"అలాగే నాన్నా" అన్నాడు మా ఆయన.

రాజహంస అంటే చెరువులో తెల్లగా ఈదే హంస అనుకునేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇవి అవి కావు, ఇంగ్లీషులో ఫ్లెమింగోలంటారే, అవి. నిలబడితే నా భుజాల దాకా వస్తాయి. కాళ్ళు చూస్తే పుల్లలు, మెడ చూస్తే ప్రశ్నార్థకం, ముక్కు చూస్తే మధ్యలో విరిచి మళ్ళీ అతికించినట్టు ఉంటుంది. తలని తలకిందులుగా నీళ్ళలో పెట్టి, బురదనీటిని జల్లెడపట్టి తింటాయి. పుట్టుకతో వీటికి గులాబీ రంగు లేదు. ఉప్పునీటిలో ఉండే గింజంత రొయ్యలు తిని తిని ఆ రంగు తెచ్చుకుంటాయి. ఇలాంటి పక్షిని చేసినవాడెవడో ఆ రోజు మంచి హుషారులో ఉండి ఉంటాడు. నేను కాలేజీలో మూడేళ్ళు జంతుశాస్త్రం చదివి, ఒక్క రాజహంసనీ చూడకుండా పట్టా పుచ్చుకున్నాను. ఇప్పుడు వాటి పక్కింట్లో కాపురం.

మా అత్తవారిల్లు ఉప్పు మడుల అంచున, పక్షుల కేంద్రాన్ని ఆనుకుని ఉంటుంది. మామయ్యగారు కేంద్రానికి పెద్ద, మా ఆయన పక్షుల లెక్కలవాడు. ఆ సరస్సుకి పక్షులు ఏటా వచ్చేవి, తినేవి, వెళ్ళేవి. గూడు మాత్రం తొమ్మిదేళ్ళుగా కట్టలేదు. తొమ్మిదేళ్ళ కిందట, పక్షి పిల్లల కాళ్ళకి గుర్తు రింగులు వేసిన రోజున, మా బావగారు ఆ నీళ్ళలో పోయారు. ఆయన్ని వెతకడానికి మూడు రోజులు పడవలు తిరిగాయి. ఆ అలజడికి వెళ్ళిపోయిన పక్షులు దిబ్బని మళ్ళీ నమ్మడానికి ఇన్నాళ్ళు పట్టింది. పెళ్ళికి ముందు మా ఆయన చెప్పింది ఇంతే. నేను ఇంకా అడగలేదు. ముందు గదిలో బావగారి ఫొటో ఉంది. అచ్చం మా ఆయనే, ఇంకొంచెం ధైర్యంగా.

*

పొద్దుటిపూట డాబా మీద మా ఇద్దరి రాజ్యం. ఆయన టెలిస్కోపు అద్దం మీద నోటితో ఆవిరి ఊది, చొక్కా కొసతో తుడిచి, "రా" అనేవాడు. ఈ ఒక్క పని కోసం ఇంకో పాతికసార్లు పెళ్ళాడవచ్చు అనిపించేది నాకు. అందరి ముందూ "ఏమండీ" అనే నేను డాబా మీద "నువ్వు" అనేదాన్ని. మెట్ల మీద చప్పుడైతే మధ్యలో మార్చేదాన్ని.

"నువ్వు జరుగు... గండి కొంచెం."

"జరుగుగండి అంటే ఏ ఊరి తెలుగు?"

"కొత్త కోడళ్ళ తెలుగు."

నాకు రింగులు చదవడం ఆయనే నేర్పాడు. పిల్లలు ఎగరకముందు ఒక రోజు చూసి, వాటిని దడిలోకి తోలి, కాలికి తెల్లటి ప్లాస్టిక్ రింగు వేస్తారు. దాని మీద నల్లటి అక్షరాలు నిలువునా ఉంటాయి. ముందు రెండు అక్షరాలు, చివర ఒక అంకె. పాదం వైపునుంచి మోకాలి వైపుకి చదవాలి.

"మోకాలు కాదు, అది చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో ఉంటుంది" అన్నాను, పట్టా ఊరికే పోకూడదుగా.

"సరే పండితురాలా, చీలమండ వైపుకి."

మూడో వారానికి దిబ్బ మీద నాలుగు వందల గూళ్ళు లేచాయి. చిన్న బకెట్లు బోర్లించినట్టు బురద గుట్టలు, ఒక్కో గుట్ట మీద ఒక్కటే గుడ్డు, ఆలూమగలు వంతులేసుకుని పొదుగుతున్నారు. వంతు మారేటప్పుడు ఇద్దరూ ఏదో మాట్లాడుకునేవారు. అలా నాలుగు వందల జంటలు మాట్లాడుకుంటుంటే గాలివాటున ఇంట్లోకి వచ్చే చప్పుడు పక్షుల చప్పుడులా ఉండేది కాదు. పక్క గదిలో చాలామంది చేరి, మనల్ని చూసి గొంతు తగ్గించుకున్నట్టు ఉండేది. మొదట్లో రెండుసార్లు నేను తలుపు తీసి చూశాను కూడా. గదిలో ఎవరూ లేరు. కిటికీ గడియ వేసే ఉంది.

ఆ వారంలోనే ఒక పక్షి గూటి మీదనుంచి లేచి గుడ్డు పొర్లించింది. కాలు మొత్తం కనపడింది.

"ఆరు, ఎన్, హెచ్!" అని చదివాను. గూట్లో కూర్చున్న పక్షిని చదవడం అదే మొదటిసారి. ఆనందంతో గెంతాను.

ఆయన పెన్సిలు కదల్లేదు.

"రాసుకో... రాసుకోండి! ఆరు, ఎన్, హెచ్."

"అంకెతో మొదలయ్యే రింగు లేదు" అన్నాడు.

కింద వరండాలోంచి మామయ్యగారి గొంతు వచ్చింది. "ఏంటి, దయ్యం వచ్చిందా?"

వచ్చిందట. తండ్రీకొడుకుల మాటల్లో దాని పేరే అది. రింగుల పుస్తకం తెచ్చి చూపించారు. గడిచిన తొమ్మిదేళ్ళలో మూడుసార్లు, మూడు వేర్వేరు సంవత్సరాల్లో, ఎర్ర సిరాతో ఒకే వాక్యం ఉంది. 'ఆరు ఎన్ హెచ్. లేని రింగు. చదవడంలో పొరపాటు.' రాత మా ఆయనది.

"నేను బాగానే చదివాను మామయ్యగారూ."

"బాగానే చదివి ఉంటావమ్మా. ఎండ, ఆవిరి, దూరం. కంటికి ఏదో ఒకటి కావాలి, చూపించేస్తుంది. పుస్తకంలో లేని పక్షి లేదు."

"ఎర్ర సిరాతో రాసెయ్" అన్నాడు మా ఆయన నాతో, మెల్లగా. కొత్త పెళ్ళికూతురు మాట వినాలి కదా. నాలుగో వాక్యం నా చేత్తో నేనే రాశాను.

*

గుడ్లు చిట్లాయి. పిల్లలు బూడిదరంగు దూది ఉండల్లా, తిన్నని ముక్కులతో పుట్టాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతులోంచి ఎర్రటి పాలు వాటి నోట్లో కార్చారు. అవి పాలని తెలియనివాళ్ళు చూస్తే నెత్తురు అనుకుంటారు. దర్జీ ఆవిడ అలాగే అనుకుని, డాబా మీదనుంచి ఒక్క ఉదుటున దిగిపోయింది. పిల్లకి పోసేకొద్దీ పెద్దవాటి రంగు దిగిపోతుంది. నెల తిరిగేసరికి గులాబీ దిబ్బ కాస్తా ఉతికి ఉతికి వెలిసిన దుప్పటిలా అయింది.

రింగులకి అనుమతి కాగితం వచ్చింది. పిల్లల్ని తూచడానికి గుడ్డసంచులు కుట్టాలి. అత్తయ్యా నేనూ మధ్యాహ్నాలు గచ్చు మీద కూర్చుని కుట్టేవాళ్ళం. ఆవిడ కుట్టు చీమల బారులా ఉండేది, నాది చీమలు తాగి నడిచినట్టు.

ఒక రోజు ఆవిడే మొదలుపెట్టింది.

"పెద్దోడు రింగు వేసేవాడు. చిన్నోడు పిల్లని పట్టుకునేవాడు. పట్టుకున్నవాడే నీళ్ళలోకి తీసుకెళ్ళి వదలాలి. ఇక్కడి పద్ధతి అది. దానికి కాళ్ళలో బలముందో లేదో పట్టుకున్న చేతికే తెలుస్తుంది కదా."

"మరి ఆ రోజు..."

"ఆ రోజు అంతా అయిపోయింది, సామాను సర్దేస్తున్నారు. చూస్తే దడి మూలలో ఒక పిల్ల మిగిలిపోయింది. అప్పటికే చిన్నోణ్ణి పడవ దగ్గరికి పంపేశాడట. ఒక్కడే పట్టుకుని, ఒక్కడే వేసి, ఒక్కడే తీసుకెళ్ళాడు. మీ మామయ్య కట్ట మీద బల్ల దగ్గరున్నారు. 'హెచ్ ఎన్ తొమ్మిది!' అని కేక వినపడిందట. రాసుకున్నారు. అదే ఆఖరి మాట." సూదిలోకి దారం ఎక్కించింది. ఒక్కసారికే ఎక్కింది. "తూము ముందు నీళ్ళు కోసేసిన గుంట ఉంది. పైకి ఏమీ కనపడదు."

నేను కుడుతున్న సంచి ఒళ్ళో పెట్టేశాను.

"ఆ ఏడు వేసిన రింగుల గురించి ఎక్కడెక్కడినుంచో ఉత్తరాలొచ్చేవి, మీ ఫలానా పక్షిని చూశామని. హెచ్ ఎన్ తొమ్మిది మాత్రం ఎవరికీ కనపడలేదు. వాడితోపాటే పోయింది. అదొక్కటీ బతికినా..." అని ఆగింది. "ఏదో ఒకటి ఒడ్డుకి చేర్చాడు అనుకునేదాన్ని."

అప్పుడే పెరట్లోంచి మా ఆయన "అమ్మా, తాడెక్కడుంది?" అని అరిచాడు. అత్తయ్య వేలికి సూది గుచ్చుకుంది.

"ఇద్దరి గొంతూ ఒకటే" అంది వేలు నోట్లో పెట్టుకుని. "ఇప్పటికీ ఉలిక్కిపడతా."

*

రింగులు వేసే రోజు ఇంకా రెండు వారాలుంది. కొత్త రింగులు రాలేదు. నా అభ్యాసం కోసం మా ఆయన అటక మీదనుంచి పాత పెట్టె దింపాడు. మధ్యాహ్నం మూడు గంటలు. మా గదిలో మంచం మీద ఎదురెదురుగా కూర్చున్నాం. నేను ఒక రింగు విప్పి ఆయన చిటికెన వేలికి తొడిగి నొక్కాను. టక్కున పడింది.

"ఇక నువ్వు నా పుస్తకంలో ఉన్నావు. ఎక్కడికెళ్ళినా ఉత్తరం వస్తుంది."

"నన్ను చూసి ఎవరు రాస్తారు?"

"మగపక్షి, పొడుగు మెడ, పొద్దున్నే గురక. నంబరు హెచ్ ఎక్స్ ఆరు."

"హెచ్ ఎక్స్ ఆరా? ఇది తొమ్మిది ఎక్స్..." అని తన వైపునుంచి చదవబోయి ఆగిపోయాడు.

"తప్పు! అంకెతో మొదలయ్యే రింగు లేదని నువ్వే కదా..." అని నేనూ ఆగాను. ఆయన చెయ్యి పట్టుకుని నా వైపు తిప్పాను. హెచ్ ఎక్స్ ఆరు. ఆయన వైపు తిప్పాను. తొమ్మిది ఎక్స్ హెచ్. హెచ్ ఎటు తిప్పినా హెచ్చే. ఎక్స్ ఎటు తిప్పినా ఎక్సే. ఎన్ కూడా అంతే. ఆరు మాత్రం తిరగబడితే తొమ్మిది, తొమ్మిది తిరగబడితే ఆరు.

ఆరు, ఎన్, హెచ్.

"ఆగు" అన్నాడు మా ఆయన.

ఆటకి అంటున్నాడనుకున్నాను. పెట్టెలోంచి ఇంకో రింగు లాక్కుని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. వెనక మళ్ళీ "ఆగు" అని వినపడింది. నవ్వుకుంటూ ఇంకా వేగంగా పరుగెత్తాను.

అత్తయ్యా మామయ్యగారూ బల్ల దగ్గర టీ తాగుతున్నారు. రింగు బల్ల మీద పెట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి, ఒకటే ఊపిరిలో చెప్పేశాను. దయ్యం కాదు. కంటి పొరపాటు కాదు. రింగు తలకిందులుగా పడింది, అంతే. పుస్తకంలో లేని పక్షే పుస్తకంలో ఉండీ కనపడని పక్షి.

"అంటే... అది?" అంది అత్తయ్య.

"హెచ్ ఎన్ తొమ్మిది అత్తయ్యా! బతికే ఉంది. మూడో వరుసలో గూడు కట్టింది. పిల్లని కూడా లేపింది!"

ఆవిడ నోట్లోంచి వచ్చిన చప్పుడు నవ్వో ఏడుపో ఇప్పటికీ చెప్పలేను. నా రెండు చేతులూ పట్టుకుంది. మొదటి రోజు కంటే గట్టిగా.

మామయ్యగారు రింగు చేతిలోకి తీసుకున్నారు. ఇటు తిప్పారు. అటు తిప్పారు.

"పెద్దోడు తలకిందులు వేయడు" అన్నారు, రింగుతో చెప్పినట్టు. "నాలుగు వందల పైన వేశాడు. ఒక్కటీ అలా వేయలేదు."

అప్పుడు నాకు ఆ "ఆగు" అర్థమైంది.

"నేను వేశాను నాన్నా."

గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చిటికెన వేలికి ఆ తెల్ల రింగు ఇంకా అలాగే ఉంది.

"ఒక్కటి నేను వేస్తానని అడిగాను. ఆఖరిదే కదా, సరే అన్నాడు. వాడు పట్టుకున్నాడు. వేశాక కేకేసింది నేనే."

పట్టుకున్నవాడే వదలాలి. ఆ మాట గదిలో ఎవరూ పైకి అనలేదు. కిటికీ అవతల ఆ చాలామంది మాత్రం ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు.

"పడవ దగ్గరికి పంపాడన్నావు" అన్నారు మామయ్యగారు.

"అవును, అలా చెప్పాను."

అత్తయ్య నా చేతులు వదిలేసింది. "ఆ పక్షి ఇంతకుముందు కనపడిందా?"

"మూడుసార్లు."

"మొదటిసారి ఎప్పుడు?"

"ఆరేళ్ళయింది."

"అది ఏదో నీకు తెలుసా?"

ఆయన తలూపాడు.

అత్తయ్య రెండు టీ కప్పులూ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. రెండు కప్పులు కడగడానికి అంతసేపు పట్టదు.

*

ఆ తర్వాత అత్తయ్య కొడుకుతో మాట్లాడలేదు. కోపం ఎందుకో నాతో చెప్పింది, ఒక్కసారే. "వాడు రింగు వేశాడని కాదు. అన్న పట్టుకున్నాడనీ కాదు. పిల్లలు, అడుగుతారు. కానీ అది బతికుందని తెలిసి, ఆరేళ్ళు నన్ను చూస్తూ కూర్చున్నాడు."

మాటలన్నీ నా మీదుగా నడిచేవి.

"నీ మొగుడికి చెప్పు, నీళ్ళు కాగాయని."

నా మొగుడు నా పక్కనే తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉండేవాడు. "నీళ్ళు కాగాయట" అనేదాన్ని.

"సరేనని చెప్పు."

"సరేనట అత్తయ్యా."

ఇంకో వేళ అయితే ఇది ఎంత నవ్వులాటగా ఉండేదో.

నాకూ కోపమే. "ఆ ఎర్ర వాక్యం నా చేత కూడా రాయించావు" అన్నాను డాబా మీద. ఆయన టెలిస్కోపు అద్దం తుడుస్తూనే ఉన్నాడు. "నిజమే" అన్నాడు చివరికి. "చెప్పాలంటే రెండూ చెప్పాలి. అది బతికిందనీ, వాడు ఎందుకు వెళ్ళాడనీ. మొదటిది చెప్పాలని ప్రతిసారీ మెట్లు దిగేవాణ్ణి. రెండోది నోటికి అడ్డం పడేది." ఇంకో సరస్సు దగ్గర ఉద్యోగం ఖాళీ ఉందనీ, రింగుల పని కాగానే వెళ్ళిపోతాననీ, నేను రాకపోయినా అర్థం చేసుకుంటాననీ అన్నాడు. ఆ ఆఖరి ముక్కకి ఒక్కటి మొట్టాను. ముందు మొట్టి తర్వాత ఏడ్చాను.

మామయ్యగారు పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. నన్ను స్కేలు తెమ్మన్నారు. తొమ్మిదేళ్ళ కిందటి పేజీలో 'వేసినవారు' అన్న గడిలో పెద్దకొడుకు పేరు మీద స్కేలు పెట్టి ఒక గీత గీసి, పక్కన చిన్నకొడుకు పేరు రాశారు. నాలుగు ఎర్ర వాక్యాల పక్కనా 'పొరపాటు కాదు' అని నీలం సిరాతో రాశారు. కలానికి మూత మూడుసార్లు పెట్టాల్సి వచ్చింది.

ఎనిమిదో రోజు సాయంత్రం అత్తయ్య డాబా ఎక్కింది. తొమ్మిదేళ్ళలో ఎక్కలేదట. మా ఆయన కట్ట మీద ఉన్నాడు. నేను టెలిస్కోపు సరిచేసి పెట్టాను. అప్పటికి పిల్లలన్నీ గూళ్ళు వదిలేసి ఒకే మందగా తిరుగుతున్నాయి. కాపలాకి నలుగురైదుగురు పెద్దలు, బడి మాస్టర్లలా. సాయంత్రానికి తల్లులూ తండ్రులూ మేత నుంచి తిరిగొచ్చి, మంద అంచున నిలబడి పిలుస్తారు.

"అదిగో, ఒడ్డున ఒంటికాలి మీద" అన్నాను.

"ఇంత పాలిపోయిందేంటే?"

"రంగంతా పిల్లకి పోసేసింది అత్తయ్యా. మళ్ళీ వస్తుంది."

"ఎన్నాళ్ళకి?"

"ఏడాది. ఒక్కోదానికి ఇంకా ఎక్కువ."

"ఊఁ" అంది కన్ను తీయకుండా.

పక్షి మెడ చాచి పిలిచింది. మూడు వందల పైచిలుకు బూడిద పిల్లల్లోంచి ఒక్కటి, ఒకే ఒక్కటి, మిగతావాటి కాళ్ళ మధ్యనుంచి తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అంతమందిలో దాన్నెలా పోల్చుకుంది?"

"గొంతు. గుడ్డులో ఉన్నప్పటినుంచీ వింటాయి."

అత్తయ్య చాలాసేపు చూసింది. తర్వాత మెట్ల వైపు తిరిగి, కింద వరండాలో ఉన్న మామయ్యగారికి వినపడేలా, "పక్షికి ఉన్న చెవి మీకు లేకపోయింది!" అని అరిచింది.

కిందనుంచి పేజీ తిప్పిన చప్పుడు వచ్చింది.

"నాకు మాత్రం ఏముంది" అంది ఆవిడ, ఈసారి ఎవరికీ కాదు.

*

రింగులకి ముందురోజు మధ్యాహ్నం తూము బాబాయ్ వచ్చి నీళ్ళు సరిగ్గా ఉన్నాయని, గుంట చుట్టూ వెదుర్లు పాతి ఎర్రగుడ్డలు కట్టానని చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. రేపు సాయానికి ఇరవైమంది వస్తున్నారు. మామయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని జాబితా చదవడం మొదలుపెట్టారు. దడి కట్టేవాళ్ళు, తోలేవాళ్ళు, తూచేవాళ్ళు.

"రింగు వేసేది" అని ఆగారు. "చిన్నోడు."

మా ఆయన తలెత్తాడు. "నేను కట్ట మీద లెక్క చూస్తా నాన్నా."

"లెక్కకి బాబాయ్ ఉన్నాడు."

"ఉన్నానురా" అన్నాడు తూము బాబాయ్. "వందదాకా బాగానే వచ్చు."

"నా చేత్తో వద్దు నాన్నా."

"నీకంటే బాగా వేసేవాడు ఇప్పుడు ఇక్కడ లేడు" అన్నారు మామయ్యగారు. "ఉన్నవాడికే చెబుతున్నా."

జాబితాలో తర్వాతి గడి ఖాళీగా ఉంది. నాకు కనపడుతూనే ఉంది.

"పట్టుకునేది నేను" అన్నారు మామయ్యగారు.

"ఆ మోకాళ్ళతోనా?" వంటింట్లోంచి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "డాబా ఎక్కడానికి మూడుసార్లు ఆగుతారు. బురదలో దిగితే మిమ్మల్ని తీయడానికి ఇంకో ఇరవైమంది కావాలి. చిన్నోడికి నేను పట్టుకుంటా."

"అమ్మా, పట్టుకున్నవాళ్ళే..." అని మా ఆయన మొదలుపెట్టాడు.

"వదలాలి. నాకు పద్ధతులు చెప్పకు. నువ్వు పుట్టకముందునుంచీ ఈ ఇంట్లో ఉన్నా."

పదమూడు రోజుల్లో ఆవిడ ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, ఆ గుంట తలుచుకుని భయమూ వేసింది, రెండూ ఒకేసారి.

"నీ రబ్బరు బూట్లు ఏ సైజే?" అని నన్నడిగింది.

"అయిదు."

"బిగుతవుతాయి. మేజోళ్ళు లేకుండా వేసుకుంటాలే. నువ్వెలాగూ దిగవుగా."

"నేను దిగనా?" అన్నాను నీరసంగా. ఆ బూట్లు నాలుగు దుకాణాలు తిరిగి కొనుక్కున్నాను.

మామయ్యగారు జాబితాలో పేరు నింపి, రింగుల పుస్తకం నా వైపు జరిపారు. "నువ్వు రాయాలి. ఒక్కటే గుర్తుపెట్టుకో. కేక వినపడగానే రాసెయ్యకు. తలెత్తి చూడు. ఎవరు వేశారు, ఎవరు పట్టుకున్నారు. చూసి, అప్పుడు రాయి."

"అలాగే మామయ్యగారూ."

తూము బాబాయ్ సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. అత్తయ్య మడత పెట్టిన గుడ్డసంచులు లెక్కపెట్టి బుట్టలో సర్దింది.

"రేపు నాలుగున్నరకి లేవాలి అందరూ" అంది. "అయిదున్నరకి కట్ట మీద ఉండాలి. ఎండెక్కే లోపు ఆఖరి పిల్ల కూడా నీళ్ళలోకి వెళ్ళిపోవాలి. చిన్నోడా, అలారం నువ్వు పెట్టు."